వనువాటు పల్లెవెలుగు విమానాలు: నష్టం ఎవరి ఖాతాలో రాయాలి?

పసిఫిక్ సముద్రంలోని వనువాటు దేశానికి దక్షిణం చివర అనైట్యుమ్ అని ఒక దీవి ఉంది, అక్కడివాళ్ళు విమానం ఎక్కాలంటే ముందు పడవ ఎక్కాలి. జోక్ కాదు. వాళ్ళ రన్‌వే వాళ్ళ దీవి మీద లేదు, ఎదురుగా ఇన్యుగ్ అని ఒక చిన్న దిబ్బ ఉంటే దాని మీద ఉంది, రెండో ప్రపంచ యుద్ధం టైంలో అమెరికా వాళ్ళు వేసి వెళ్ళిపోయిన స్ట్రిప్ అది. ఆ దిబ్బ మీద మనుషులు కాపురం ఉండరు. క్రూయిజ్ షిప్పుల వాళ్ళు మాత్రం దానికి మిస్టరీ ఐలాండ్ అని పేరు పెట్టుకుని టూరిస్టుల్ని దింపుతుంటారు, వాళ్ళు ఆ గడ్డి రన్‌వే మీదుగానే అటుపక్క బీచ్‌కి నడిచి వెళ్తారు. దేశానికి ఉత్తరం చివర టోరెస్ దీవుల్లో కూడా ఇదే వరస, లినువా అనే దీవి మీద స్ట్రిప్ ఉంటుంది, జనం పక్క దీవిలో ఉంటారు, పడవలో వచ్చి ఎక్కాలి.

ఈ రెండు చివరల మధ్య దూరం దాదాపు 1,300 కిలోమీటర్లు. మధ్యలో మొత్తం 83 దీవులు, అందులో 65 దాకా జనం ఉన్నవి. అన్నీ కలిపి నేల ఎంతరా అంటే మన పాత గుంటూరు జిల్లా కంటే కాస్త ఎక్కువ, 12 వేల చదరపు కిలోమీటర్ల చిల్లర. జనం మూడు లక్షలు, అంటే కడప సిటీలో ఉన్నంత మంది కూడా లేరు, కానీ వందకి పైగా భాషలు. ఆ మూడు లక్షల మందిని తీసుకెళ్ళి 1,300 కిలోమీటర్ల సముద్రం మీద చల్లేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది దేశం. ఇప్పుడు వీళ్ళందరికీ విమానం నడపండి, నష్టం రాకుండా నడపండి అంటే ఎలా? ఈ ప్రశ్నకి 40 ఏళ్ళ నుంచి సరైన జవాబు దొరక్కే 2024 మేలో ఆ దేశపు ఎయిర్‌లైన్, ఎయిర్ వనువాటు, కుప్పకూలింది. అప్పుడు వార్తలన్నీ చిక్కుకుపోయిన ఆస్ట్రేలియా టూరిస్టుల గురించే వచ్చాయి. నాకైతే అసలు కథ వాళ్ళది కాదనిపిస్తుంది.

ముందు విమానాల గురించి కాస్త చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఎయిర్ వనువాటు అంటే ఒక కంపెనీ పేరే గానీ కుప్పకూలే నాటికి లోపల మూడు వేరు వేరు వ్యాపారాలు ఉండేవి. ఒకటి జెట్, అంటే బోయింగ్ 737-800, సిడ్నీ, బ్రిస్బేన్, ఆక్లండ్ లాంటి చోట్లకి వెళ్ళేది. రెండు ఏటీఆర్-72, మన దగ్గర విజయవాడ, రాజమండ్రి, తిరుపతి వెళ్ళేవాళ్ళకి బాగా తెలిసిన ప్రొపెల్లర్ విమానమే, 70 మంది దాకా పడతారు, రాజధాని పోర్ట్ విలా నుంచి శాంటో దీవిలో ఉన్న లుగన్‌విల్, దక్షిణాన టన్నా లాంటి పెద్ద చోట్లకి ఇది తిరుగుతుంది. ఇక మూడోది ట్విన్ ఆటర్లు, ఐలాండర్లు. అసలు దేశం నడిచేది వీటి మీద.

ట్విన్ ఆటర్ కెనడా బండి, 1965లో మొదటిసారి ఎగిరింది, 19 సీట్లు, పొట్టి రన్‌వే చాలు, గడ్డి అయినా కంకర అయినా దిగిపోతుంది. 1988లో తయారీ ఆపేశారు, ఆపేశాక దీనికి బదులుగా ఇంకోటి ఏదీ సరిగ్గా కుదరక 2010 నాటికి ఇంకో కంపెనీ అదే మోడల్‌ని మళ్ళీ తయారు చేసి డెలివరీలు మొదలుపెట్టింది, విమానాల చరిత్రలో ఇలా జరగడం చాలా అరుదు. ఐలాండర్ బ్రిటన్‌ది, ఇది కూడా 1965దే, తొమ్మిది మంది పడతారు. చంద్రుడి మీదకి మనిషి వెళ్ళకముందు డిజైన్ చేసిన బళ్ళు ఇవి, ఇప్పటికీ పసిఫిక్ దీవుల్లో చాలా ప్రయాణాలు వీటి రెక్కల మీదే అంటే మిగతా ప్రపంచానికి ఈ మార్కెట్ మీద ఎంత ఇంట్రెస్ట్ ఉందో అర్థం చేసుకోవచ్చు.

19 సీట్లు అన్నాను కదా, 19 మందినీ ఎక్కిస్తారా అంటే చాలాసార్లు ఎక్కించలేరు. ట్విన్ ఆటర్ పాత మోడల్ మొత్తం బరువు గాల్లోకి లేచేటప్పుడు 5,670 కిలోలు దాటకూడదు. అందులో విమానం సొంత బరువే సగానికి పైన పోతుంది, మిగిలిన దాంట్లో ఇద్దరు పైలట్లు, ఆయిల్, జనం, సామాన్లు. ఆయిల్ అంటే వెళ్ళడానికి మాత్రమే కాదు, మారుమూల దీవుల్లో పెట్రోల్ బంకు లాంటిది ఏమీ ఉండదు, కాబట్టి తిరిగి రావడానికి కూడా ఇక్కడే నింపుకుని వెళ్ళాలి, పైగా అక్కడ వాన పడి దిగలేకపోతే ఇంకో చోటికి వెళ్ళడానికి రిజర్వు. దూరం పెరిగే కొద్దీ ఆయిల్ పెరుగుతుంది, ఆయిల్ పెరిగే కొద్దీ మనుషులు తగ్గుతారు. అంటే ఎవరికి విమానం ఎక్కువ అవసరమో ఆ దూరపు దీవికే తక్కువ సీట్లు వస్తాయి. అందుకే ఇలాంటి విమానాల్లో సామానుతో పాటు మనిషిని కూడా కాటా ఎక్కిస్తారు, ఎవరూ సిగ్గుపడరు, సంతలో బస్తా తూచినంత మామూలుగా జరిగిపోతుంది.

ఇంక ఖర్చు. ఏటీఆర్‌లో ఇద్దరు పైలట్లు, ట్విన్ ఆటర్‌లోనూ ఇద్దరే. అక్కడ వాళ్ళ జీతం 70 మంది తలల మీద పంచుకుంటే ఇక్కడ 12 మంది మీద పడుతుంది. పోనీ 12 మందైనా రెండు వైపులా వస్తారా అంటే రారు, క్రిస్మస్ ముందు అందరూ సొంత దీవులకి పోతారు, సెలవులు అయిపోయాక అందరూ టౌనుకి వస్తారు, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తాకి పోయే బస్సుల్లాగే అన్నమాట, ఒక వైపు కిక్కిరిసి ఇంకో వైపు ఖాళీగా. విమానం ప్రాణం గంటల్లోనే కాదు, ఎన్నిసార్లు లేచి దిగింది అన్న లెక్కలో కూడా అరుగుతుంది, ఇవి పావుగంటకొకసారి, ఇరవై నిమిషాలకొకసారి లేస్తూ దిగుతూ ఉంటాయి. ఇవి చాలవన్నట్టు ఉప్పు గాలి, అది ఇంజిన్‌ని తినేస్తుంది, బాడీని తినేస్తుంది, ఊరికే కడుగుతూ ఉండాలి. పెద్ద రిపేరు వస్తే విమానమో ఇంజినో దేశం దాటాలి. స్పేర్ పార్టు కావాలంటే బయటినుంచి రావాలి, దానికి డాలర్లలో కట్టాలి, ముందే కట్టాలి ఎందుకంటే బాకీలున్న ఎయిర్‌లైన్‌కి ఎవరూ అప్పు మీద పార్టు పంపరు.

రన్‌వేలది ఇంకో గోల. దేశంలో దాదాపు 30 చోట్ల విమానాలు దిగుతాయి, వాటిలో పోర్ట్ విలా, శాంటో, టన్నా ఎయిర్‌పోర్టులే ఒక కంపెనీ చేతిలో పద్ధతిగా నడిచేవి. మిగతావి ఎక్కువగా గడ్డి స్ట్రిప్‌లు. లైట్లు ఉండవు కాబట్టి పొద్దుగూకితే సర్వీసు లేనట్టే. పెద్ద వాన పడితే మెత్తబడిపోతాయి, గడ్డి కోయకపోతే దిగలేరు. పైగా వనువాటు రాజ్యాంగం ప్రకారం భూమి అంతా అక్కడి సంప్రదాయ హక్కుదారులది, ప్రభుత్వానిది కాదు. రన్‌వే కింద నేల మా తాతది, మాకు రావాల్సింది రాలేదు అని ఎవరైనా అడ్డం కూర్చుంటే స్ట్రిప్ మూతపడినట్టే. నాకైతే ఆ హక్కు తప్పనిపించదు, వలస పాలనలో భూములు పోగొట్టుకున్న జనం అది, 1980లో స్వాతంత్ర్యం రాగానే మొట్టమొదట రాసుకున్న వాటిలో అదొకటి. కానీ విమానం టైంటేబుల్ వేసేవాడికి మాత్రం అది కూడా ఒక వాతావరణమే.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం.

వనువాటు ఒకప్పుడు న్యూ హెబ్రిడీస్. బ్రిటిష్ వాళ్ళు, ఫ్రెంచ్ వాళ్ళు కలిసి పాలించారు, కలిసి అంటే ప్రతీదీ రెండేసి, పోలీసులు రెండు రకాలు, స్కూళ్ళు రెండు రకాలు, ఆఖరికి లోపల తిరిగే విమాన కంపెనీలు కూడా ఆ పక్కది ఒకటి ఈ పక్కది ఒకటి. 1960ల్లో ఆ రెండింటినీ కలిపి ఎయిర్ మెలనేసియా అని చేశారు, అదే తర్వాత వానైర్ అయింది, ప్రభుత్వానిది, దీవుల మధ్య మాత్రమే తిరిగేది. ఇంకో పక్క 1981లో ఆస్ట్రేలియా కంపెనీ అన్సెట్ సాయంతో ఎయిర్ వనువాటు మొదలైంది, అది మధ్యలో ఆగి 1987లో పూర్తి ప్రభుత్వ కంపెనీగా మళ్ళీ లేచింది, దాని పని విదేశాల నుంచి టూరిస్టుల్ని తేవడం. రెండు కంపెనీలు, రెండు వేరే పనులు. వానైర్‌కి నష్టాలు. అయితే రెండింటినీ కలిపేద్దాం, జెట్ సంపాదిస్తుంది, ఆ డబ్బుతో చిన్న విమానాలు తిరుగుతాయి అనుకున్నారు, 2001లో ఒకసారి కలిపారు, విడగొట్టారు, 2004లో మళ్ళీ కలిపారు.

వినడానికి బానే ఉంది కదా. మన ఆర్టీసీ చేసేది అదే. గరుడ, అమరావతి బస్సుల్లో వచ్చింది తీసుకెళ్ళి పల్లెవెలుగులో పోస్తుంది, ఏ ఊరి బస్సు నష్టంలో ఉందో ఊరివాళ్ళకి తెలియదు, బస్సు వస్తే చాలు. కానీ ఆర్టీసీకి గరుడలు వందల్లో ఉంటాయి, ఒకటి చెడిపోతే ఇంకోటి పంపుతారు. ఎయిర్ వనువాటుకి అప్పుడు ఉన్న జెట్ ఎన్ని? ఒకటే. ఒక్కటంటే ఒక్కటి. ఆ ఒక్క బోయింగ్ సిడ్నీ రూట్లో, బ్రిస్బేన్ రూట్లో తనకంటే వంద రెట్లు పెద్ద కంపెనీలతో పోటీ పడి, టిక్కెట్టు రేటు వాళ్ళతో సమానంగా పెట్టి, మిగిలిన లాభంతో 20, 30 గడ్డి స్ట్రిప్‌లని పోషించాలి. ఇంట్లో ఒక్కడే సంపాదించేవాడు, తినేవాళ్ళు 30 మంది, వాడికి జ్వరం వస్తే ఇంట్లో పొయ్యి వెలగదు.

పైగా జ్వరాలు వరసగా వచ్చాయి. 2015 మార్చిలో పామ్ తుఫాను పోర్ట్ విలాని నేలమట్టం చేసినంత పని చేసింది. 2016 జనవరిలో బావర్‌ఫీల్డ్, అదే పోర్ట్ విలా ఎయిర్‌పోర్టు, దాని రన్‌వే పాడైపోయిందని ఎయిర్ న్యూజిలాండ్, వర్జిన్ ఆస్ట్రేలియా మేం దిగం అనేశాయి, అప్పుడు వరల్డ్ బ్యాంకు డబ్బుతో రన్‌వే మళ్ళీ వేయాల్సి వచ్చింది. 2019లో కొత్త ఊపుతో నాలుగు ఎయిర్‌బస్ ఏ220లు ఆర్డర్ పెట్టారు. మూడు లక్షల జనం ఉన్న దేశం నాలుగు కొత్త జెట్లు, అప్పట్లో ఆ ప్రెస్ ఫోటోలు చూసి నేను కూడా అబ్బో అనుకున్నాను, ఇప్పుడు ఆలోచిస్తే ఒక్క ఎద్దు ఉన్న రైతు ట్రాక్టర్ షోరూంకి వెళ్ళి నాలుగు బుక్ చేసినట్టుంది. ఒక్కటీ రాలేదు. 2020 మార్చిలో కోవిడ్‌కి సరిహద్దు మూసేశారు, మళ్ళీ టూరిస్టులకి తెరిచింది 2022 జూలై 1న. అంటే రెండేళ్ళకి పైన సంపాదించేవాడు ఇంట్లో కూర్చున్నాడు, తినేవాళ్ళు తింటూనే ఉన్నారు, పైగా మధ్యలో 2020 ఏప్రిల్‌లో హారొల్డ్ తుఫాను శాంటో, పెంటెకోస్ట్ దీవుల్ని కొట్టింది, సహాయం మోయాలన్నా లోపల విమానాలు తిరగాలి. 2023 మార్చిలో జూడీ, కెవిన్ అని రెండు తుఫాన్లు ఒకే వారంలో.

2024 మే మొదటి వారం దాటగానే ఆ ఒక్క బోయింగ్ పార్టులు లేక ఆగిపోయి ఉంది, ఫ్లైట్లన్నీ క్యాన్సిల్ అని ప్రకటించారు, మే 10 నాటికి ప్రభుత్వం ఎర్నస్ట్ అండ్ యంగ్ అనే ఆడిట్ కంపెనీ వాళ్ళని లిక్విడేటర్లుగా, అంటే దివాలా కంపెనీ ఆస్తులు, అప్పులు తేల్చేవాళ్ళుగా పెట్టింది. నాలుగు వందల మందికి పైగా ఉద్యోగులు, వేలల్లో ప్రయాణికులు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆగిన బోయింగ్‌కీ గడ్డి స్ట్రిప్‌ల మీద తిరిగే ట్విన్ ఆటర్‌కీ మెకానికల్‌గా ఏ సంబంధం లేదు. ట్విన్ ఆటర్ ఇంజిన్ బానే ఉంది, పైలట్ ఉన్నాడు, జనం ఉన్నారు. కానీ కంపెనీ ఒకటే, బ్యాంకు ఖాతా ఒకటే, కాబట్టి జెట్ అప్పులకి చిన్న విమానం కూడా తాళం వేసుకుని కూర్చుంది. జెట్ లాభం చిన్నవాటికి పారుతుందని కలిపారు, చివరికి పారింది జెట్ నష్టం.

తర్వాత జరిగింది చూడండి. విదేశీ రూట్లు ఖాళీ అయిన మరుక్షణం వేరేవాళ్ళు వచ్చి నింపేశారు. వర్జిన్ ఆస్ట్రేలియా ఆల్రెడీ తిరుగుతూనే ఉంది, ఫిజీ ఎయిర్‌వేస్ ఉంది, న్యూ కాలిడోనియా నుంచి ఎయిర్‌కాలిన్ ఉంది, ఆ ఏడాది చివరికి బ్రిస్బేన్ నుంచి క్వాంటాస్ కూడా వచ్చింది. అంటే ఏ పని కోసం ప్రభుత్వం జెట్ పెట్టుకుని అప్పులు చేసిందో ఆ పని మార్కెట్ తనంతట తానే చేసుకుంది. టోరెస్ దీవులకి నడుపుతాం అని ఎవరొచ్చారు? ఫుటూనాకి? ఎర్రోమాంగోకి? లోకల్ చార్టర్ కంపెనీలు, వాళ్ళ దగ్గర ఉన్న కొద్దిపాటి చిన్న విమానాలతో చేతనైనంత చేశాయి, అది కాదనలేం, కానీ చార్టర్ అంటే విమానం మొత్తానికి డబ్బు కట్టాలి, కొబ్బరి ఎండబెట్టి అమ్ముకునే కుటుంబానికి అది అయ్యే పని కాదు. కొన్ని వారాలకి లిక్విడేటర్ల కిందే ట్విన్ ఆటర్లు మెల్లగా మళ్ళీ లేచాయి.

ఆ కొన్ని వారాల్లో ఏం ఆగిపోతుందో ఊహించుకోండి. దేశంలో పెద్ద ఆసుపత్రులు రెండే, ఒకటి పోర్ట్ విలాలో, ఇంకోటి లుగన్‌విల్‌లో. మిగతా చోట్ల ఎక్కువగా హెల్త్ సెంటర్లు, నర్సులు. కాన్పు కష్టమైతే, చెట్టు మీద నుంచి పడి కాలు విరిగితే విమానమే అంబులెన్స్. టీచర్ల జీతం డబ్బు, వ్యాక్సిన్లు, బ్యాలెట్ పెట్టెలు, ఊళ్ళో చనిపోయిన పెద్దాయన కోసం టౌన్ నుంచి రావాల్సిన కొడుకులు, అన్నీ ఆ 19 సీట్లలోనే. షిప్పులు ఉన్నాయి, లేవని కాదు, సరుకు ఎప్పుడూ షిప్పులోనే వెళ్తుంది, కానీ పోర్ట్ విలా నుంచి శాంటోకి విమానంలో గంట లోపు పని షిప్పులో ఒక రోజు, ఇంకా మారుమూల దీవులకి షిప్పు ఎప్పుడు వస్తుందో షిప్పు వాడికే తెలియదు. 2018 డిసెంబర్‌లో ఎర్రోమాంగోలో యూనిసెఫ్ వాళ్ళు డ్రోన్‌తో వ్యాక్సిన్లు పంపారు, దాదాపు 40 కిలోమీటర్లు కొండల మీదుగా ఎగిరి వెళ్ళి నెల పాపకి టీకా అందింది, ప్రపంచమంతా వార్త. మంచిదే. కానీ డ్రోన్ టీకా తీసుకెళ్తుంది గానీ టీకా వేయించుకున్న పాప తల్లిని ఆసుపత్రికి తీసుకురాదు.

మరి మిగతా దేశాలు ఏం చేస్తున్నాయి? అమెరికాలో 1978లో విమాన రూట్ల మీద కంట్రోల్ ఎత్తేసినప్పుడే చిన్న ఊళ్ళకి సర్వీసు పోతుందని భయపడి ప్రత్యేకంగా ఒక స్కీం పెట్టారు, ప్రభుత్వం రూటు పేరు రాసి, ఎవరు తక్కువ సబ్సిడీకి నడుపుతారో వాళ్ళకి ఇస్తుంది, ఇప్పటికీ నడుస్తోంది. ఇండోనేషియాలో పెరింటిస్ అంటారు, అంటే ముందు దారి వేసే సర్వీసు లాంటి అర్థం, మారుమూల పాపువా లాంటి చోట్లకి ప్రభుత్వం డబ్బిచ్చి నడిపిస్తుంది, అందులో బాగా పేరున్న సుసి ఎయిర్ కథ వేరే, సుసి పుజియాస్తుతి అని ఒకావిడ చేపలు, రొయ్యలు తాజాగా ఎగుమతి చేసుకోవడానికి రెండు చిన్న సెస్నాలు కొనుక్కుంటే, 2004 సునామీ వచ్చి ఆచే ప్రాంతానికి సహాయం మోయడంతో అదే ఎయిర్‌లైన్ అయిపోయింది, ఆవిడ తర్వాత మత్స్యశాఖ మంత్రి కూడా అయ్యారు.

మన దగ్గర ఉడాన్, చిన్న ఊళ్ళకి విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ స్కీం. 2017 ఏప్రిల్ 27న సిమ్లా-ఢిల్లీతో పాటు అదే రోజు కడప-హైదరాబాద్ కూడా మొదలైంది, హైదరాబాద్ బేస్‌గా ఉన్న ట్రూజెట్ నడిపింది, అదే ఏటీఆర్-72. గంట ప్రయాణానికి 2,500 రూపాయల సీట్లు కొన్ని పెట్టాలని అప్పటి రూలు, లోటు ప్రభుత్వం ఇస్తుంది. ఆ లోటు డబ్బు ఎక్కడిది అంటే ముఖ్యంగా పెద్ద రూట్లలో తిరిగే విమానాల మీద వేసిన లెవీ నుంచి. అంటే ఇక్కడ కూడా బలిసిన రూటు బక్క రూటుకి పెడుతోంది, సూత్రం వనువాటుదే. తేడా ఎక్కడంటే, ఇక్కడ ఆ డబ్బు కాగితం మీద కనిపిస్తుంది, ఏ రూటుకి ఎంత, ఎన్నేళ్ళు అని. ముంబై రూట్లో ఏదో కంపెనీ దివాలా తీస్తే కడపకి రావాల్సిన సబ్సిడీ ఆగదు. అలాగని ఉడాన్ గొప్పగా పనిచేసిందనీ అనను, చాలా రూట్లు మూడేళ్ళ సబ్సిడీ గడువు కూడా పూర్తి కాకుండానే ఆగిపోయాయి, ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. అయితే విమానం ఆగినా కడపకి రైలుంది. అనైట్యుమ్‌కి లేదు.

అందుకే నా లెక్క ఇది, ఎవరైనా కాదంటే చెప్పండి. వనువాటులో చిన్న విమానాలకి లాభం రావాలని అడగడమే తప్పు ప్రశ్న, లాభం వచ్చే చోట రేటు ఎంత పెట్టాలో ఆ రేటు పెడితే ఎక్కేవాళ్ళు ఉండరు, ఎక్కేవాళ్ళు ఉన్నంత రేటు పెడితే నష్టం, ఈ రెండిటి మధ్య గ్యాప్ ఎప్పటికీ ఉంటుంది. ఆ గ్యాప్ ఎంత అనేది ఏటా బడ్జెట్‌లో ఒక లైనుగా రాయాలి, జెట్ లాభం పేరుతో దాచకూడదు. దాచినంతకాలం ఏమవుతుందంటే ఎంత నష్టమో మంత్రికి తెలియదు, మేనేజర్‌కి తెలియదు, ఏ స్ట్రిప్ బాగుచేస్తే ఖర్చు తగ్గుతుందో తెలియదు, ఎలక్షన్ ముందు ఎవరో మా దీవికి వారానికి మూడు ఫ్లైట్లు అంటే సరే అనేస్తారు, డబ్బు ఎవరిస్తారని అడిగేవాడు ఉండడు.

దీనికి ఎదురు వాదన కూడా బలంగానే ఉంది. మూడు లక్షల మంది దేశం, ప్రభుత్వం దగ్గర డబ్బే తక్కువ, బడ్జెట్‌లో లైను రాస్తే తుఫాను వచ్చిన ఏడాది మొదట కోసేది ఆ లైనునే. జెట్ కింద దాచి ఉంచితే కనీసం ఎవరి కంటా పడదు, అలా 20 ఏళ్ళు నడిచింది కదా అంటారు. నిజమే, నడిచింది. ఇంకోటి, జెట్ మన చేతిలో లేకపోతే టూరిజం మొత్తం బయటి కంపెనీల దయ మీద ఉంటుంది, 2016లో రన్‌వే బాగోలేదని వాళ్ళు మొహం తిప్పుకున్నప్పుడు ఎగిరింది మన విమానమే అని అక్కడివాళ్ళు గుర్తు చేస్తారు. అదీ నిజమే. జెట్ కావాలంటే పెట్టుకోండి, గొడవ దాని గురించి కాదు, ట్విన్ ఆటర్లని వేరే కంపెనీలో, వేరే ఖాతాలో పెట్టండి, జెట్ అప్పులవాళ్ళు వచ్చి వాటి తాళాలు అడగకుండా. 2004కి ముందు వానైర్ అలాగే ఉండేది.

వేరు చేస్తే ఇంకో తలనొప్పి ఉంది, అది కూడా చెప్పాలి. రూటు పేరు రాసి టెండర్ పిలిస్తే పోటీకి వచ్చేదెవరు? ట్విన్ ఆటర్లు ఉన్నది ప్రభుత్వ కంపెనీ దగ్గరే, చార్టర్ వాళ్ళవి ఎక్కువగా చిన్నచిన్న విమానాలు. గడ్డి మీద దింపడం తెలిసిన పైలట్‌కి రెండేళ్ళ అనుభవం రాగానే ఆస్ట్రేలియాలోనో ఇంకెక్కడో పెద్ద విమానం ఉద్యోగం వస్తుంది, వెళ్ళిపోతాడు, తప్పు పట్టలేం. కాబట్టి టెండర్ అన్నా కూడా ఒక్క దరఖాస్తే వస్తుంది, వాడు చెప్పిందే రేటు. దానికి దారి, విమానాలు ప్రభుత్వం కొని ఉంచి నడిపే పని మాత్రం టెండర్‌కి పెట్టడం, బస్సు మనది డ్రైవరు కాంట్రాక్టు అన్నట్టు. విమానాలు ఇచ్చే దాతలు పసిఫిక్‌లో బానే దొరుకుతారు, చైనా, ఆస్ట్రేలియా రెండూ అక్కడ పలుకుబడి కోసం పోటీ పడుతున్న కాలం ఇది. కానీ దాతలు రిబ్బన్ కట్ చేయగలిగేది ఇస్తారు, కొత్త విమానం, కొత్త టెర్మినల్. స్పేర్ పార్టులకీ ఆయిల్‌కీ, అనైట్యుమ్ ఎదురుగా ఆ దిబ్బ మీద ప్రతి నెలా గడ్డి కోసేవాడి కూలికీ రిబ్బన్ ఉండదు.